గీత మునిగిన పూట

ఆ ఉదయం మబ్బుసముద్రం మీద పొద్దు పొడిచేసరికి ధూపగిరి రేవు మెట్ల మీద కాలు పెట్టడానికి చోటు లేదు.

మబ్బుసముద్రం చూడనివారికి దాని సంగతి కొంచెం చెప్పాలి. ఐదు శిఖరాలు, వాటి మీద ఐదు రాజ్యాలు. శిఖరాల నడుమ చూపు ఆనినంత మేరా తెల్లని మబ్బు. వేకువన అది మీగడ రంగులో ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ ముత్యపుచిప్ప లోపలి వన్నెకు తిరుగుతుంది. సాయంత్రానికి పారాణి కలిపినట్టు ఎర్రబడుతుంది. దాని మీద తేలికైన పొనికి చెక్క పడవలు చప్పుడు లేకుండా తిరుగుతాయి. తెడ్డు వేస్తే అల లేవదు. ఒక చిన్న మబ్బు తునక లేచి, పడవవాడి భుజం మీద కాసేపు కూర్చుని, కరిగిపోతుంది. ఆ ప్రయాణంలో కునుకు తీసినవాళ్ళు మేలుకున్నాక కూడా గడియసేపు నోరు విప్పరు. కలలోంచి ఇంకా ఒడ్డుకు రాలేదని పక్కవాళ్ళు అర్థం చేసుకుని పలకరించడం మానేస్తారు.

ఆ మబ్బు ఊరికే పడవల్ని మోయదు. నాలుగు వందల ఏళ్ళ కిందట ఐదు రాజ్యాలూ ఒక ఒడంబడిక చేసుకున్నాయి. పంచశిఖర సంధి అని దాని పేరు. ప్రతి రాజ్యమూ తన శిఖరం మీద ఒక గుగ్గిలపు పొయ్యి ఆరకుండా మండించాలి. ఐదు పొయ్యిల పొగా మబ్బులో కలిసి దాన్ని చిక్కబరుస్తుంది. ఆ చిక్కదనం మీదే సైంధవగిరి నుంచి ఉప్పు, తూలగిరి నుంచి పత్తి, మిగతా శిఖరాల నుంచి ఇనుమూ మందులూ వస్తాయి. ధూపగిరి నుంచి కుండలూ తేనే వెళ్తాయి. పెళ్ళికూతుళ్ళు అత్తవారిళ్ళకు వెళ్తారు, పురుళ్ళకు పుట్టిళ్ళకు తిరిగి వెళ్తారు.

ఇప్పుడు ధూపగిరి ఆ సంధిలోంచి బయటికి రావాలా, ఉండిపోవాలా అన్నది తగాదా. మూడు నెలలుగా ఊళ్ళో ఏ ఇంట్లోనూ వేడన్నం తిన్నవాళ్ళు లేరు. వడ్డించగానే ఈ మాట మొదలవుతుంది, కూర చల్లారాక గానీ ముగియదు.

ఇలాంటి తగాదా తీర్చే పద్ధతి ఒకటి ధూపగిరిలో ఉంది, మరెక్కడా లేదు. ఒకే కొలతతో చేసిన రెండు పెద్ద పడవల్ని రేవులో పక్కపక్కన కడతారు. వాటిని తూగు పడవలంటారు. ఉండిపోదామనేవాళ్ళు ఒకదాంట్లో, విడిపోదామనేవాళ్ళు రెండోదాంట్లో ఎక్కాలి. రెండింటి పక్కలకూ ఎర్ర గీత ఉంటుంది. ఏ పడవ గీత ముందు మబ్బులో మునిగితే ఆ మాట నెగ్గినట్టు. ఎక్కేవాడు తన బతుకుతెరువు సామాను వెంట తెచ్చుకోవాలి. వట్టి చేతులతో వచ్చి మాట చెప్పేవాడికి పోయేదేముందని పెద్దల ఆలోచన. మంచి ఆలోచనే గానీ, కమ్మరి మణుగుల బరువు ఇనప దాగలితో ఎక్కితే పూలమ్మే ఆమె బుట్టతో ఎక్కాలి. నాలుగు వందల ఏళ్ళుగా ఈ సంగతి పూలమ్మేవాళ్ళకు తప్ప ఎవరికీ తట్టలేదు.

తూగు చూసి చెప్పే సరంగు ఆ ఏడు జోగన్న. ముప్పై ఏళ్ళవాడు, ఎండు కట్టెలాంటి మనిషి, పన్నెండేళ్ళుగా మబ్బు మీద తిరుగుతున్నవాడు. రెండు పడవల నడుమ పలక మీద నిలబడి, చెరో చెయ్యీ చెరో పడవ మీద ఉంచి, కళ్ళతో చూసింది నోటితో చెప్పడమే అతని పని. అతను ఏ పడవా ఎక్కకూడదు.

ఎక్కనిస్తే ఏది ఎక్కేవాడో ఊరందరికీ తెలుసు. అతని భార్య పారిజాతం తొలిచూలు పురుటికి సైంధవగిరిలో పుట్టింటికి వెళ్ళింది. ఆడపిల్ల పుట్టిందని కబురొచ్చి మూడు నెలలయింది. ఎల్లుండి తల్లిని తోడు తెచ్చుకుని వస్తున్నానని నిన్ననే కబురు పెట్టింది. పిల్లను జోగన్న ఇంకా చూడలేదు. పొయ్యి ఆర్పితే మబ్బు ఏమవుతుందో ఎవరికీ తెలియదు గనక, తూగు రెండు రోజులు వెనక్కి జరపమని మంత్రి శతానీకుడి ఇంటికి వెళ్ళి అడిగాడు. ముహూర్తం పెట్టేశారన్నాడు మంత్రి.

పొద్దు బారెడెక్కింది. జనం ఎక్కుతూ, పోట్లాడుకుంటూ, మళ్ళీ ఎక్కుతున్నారు.

"నా కుండ మూతి ఎంతుండాలో చెప్పడానికి వాళ్ళెవరయ్యా?" అని కుమ్మరి బసవయ్య విడిపోయే పడవలోంచి అడుగుతున్నాడు. అతని చుట్టూ ఇరవై కుండలు, మధ్యలో సారె. "జానెడుకు మించకూడదంట. పడవల్లో పేర్చడానికి కుదరదంట. మా తాత చేసిన కుండలో మా నాయనమ్మ చెయ్యి మోచేతి దాకా పెట్టి కడిగేది. ఇప్పుడు మా ఆవిడ పుల్లకు గుడ్డ చుట్టి కడుగుతోంది."

"కుండ కడగడానికి నలభై వేలమంది ఉప్పు మానుకోవాలా?" అంది ఉండే పడవలోంచి మంత్రసాని కామమ్మ. ఆమె సామాను ఒక సంచీ, ఒక రాగి చెంబు. బరువు చాలదని పక్కింటివాళ్ళ రుబ్బురోలు కూడా ఎత్తించుకొచ్చింది. కాన్పుకి మందు నూరేది ఇందులోనే అని వాదించి గెలిచింది.

"ఉప్పు మన కొండలో లేదా? తవ్వి చూశావా?"

"నువ్వు తవ్వావా?"

"తవ్వనిస్తేగా. తవ్వడానికి వాళ్ళ అనుమతి కావాలంట."

మంత్రి శతానీకుడు మెట్ల మీద నిలబడి చేతులెత్తాడు. అతన్ని దుర్మార్గుడని చెబితే కథ సులువవుతుంది గానీ, అతను దుర్మార్గుడు కాడు. "అమ్మా, అయ్యా, కొండ వెనక్కి వెళ్ళి చూడండి. మా చిన్నప్పుడు గుగ్గిలం చెట్టు లేని చోటు లేదు. ఇప్పుడు రోజంతా నడిస్తే నాలుగు కనిపిస్తున్నాయి. మబ్బు ఐదుగురిదీ, తరిగే అడవి మనది. మిగతా నలుగురూ మన దగ్గరే గుగ్గిలం కొని మండించి, మన పొగ తక్కువైందని మనల్నే కసురుతున్నారు. ఇంకా ఎన్నాళ్ళు?"

ఆ మాటతో పదిమంది ఉండే పడవ దిగి విడిపోయే పడవ ఎక్కారు. కామమ్మ వాళ్ళ పేర్లు గుర్తుపెట్టుకుంది. వాళ్ళిళ్ళలో ముగ్గురు నెలతప్పినవాళ్ళున్నారు.

చివరికి అందరూ రేవు మెట్ల పైన పొయ్యి కాసే మాంత్రికురాలు ధూమకేశి వైపు తిరిగారు. ఆమె జుట్టు జుట్టో పొగో చెప్పడం కష్టం. గాలి వీస్తే సగం తల కరిగినట్టుండేది, గాలి ఆగితే మళ్ళీ చేరేది. నూటపది ఏళ్ళుగా ఆ పొయ్యి ముందే కూర్చుని ఉంది.

"తల్లీ, పొయ్యి ఆర్పితే మబ్బు ఏమవుతుంది?" అని అడిగారు.

"నాకేం తెలుసు?" అంది ధూమకేశి. "నేనెప్పుడైనా ఆర్పానా?"

చూశారా, ఏమీ కాదనే చెబుతోంది అన్నారు విడిపోయే పడవవాళ్ళు. చూశారా, భయపడుతోంది అన్నారు ఉండే పడవవాళ్ళు. ఆమె మాత్రం ఆవులించి మరో పుల్ల పొయ్యిలో పెట్టింది.

రెండు పడవల గీతలూ మబ్బుకు రెండు వేళ్ళ ఎత్తున ఆగిపోయాయి. ఎక్కేవాళ్ళు అయిపోయారు. సందేహంలో ఉన్నవాళ్ళు నలుగురైదుగురు మెట్ల మీద గోళ్ళు కొరుక్కుంటున్నారు. అప్పుడు ఒక లావాటి బెల్లం వ్యాపారి, నెత్తిన బుట్ట, ముక్కు కింద గుబురు మీసం, విడిపోయే పడవ అంచు దగ్గరికి వచ్చి లోపలి వాదన వినడానికి మెడ చాచాడు. వెనకనుంచి ఎవరో "ఎక్కవయ్యా, ఆలోచిస్తావేంటి" అని తోశారు. వ్యాపారి ఎక్కాడు.

ఎడమకాలు ముందు పెట్టాడు. బరువంతా మడమ మీద మోపి ఒక్క క్షణం ఆగాడు. తర్వాత కుడికాలు. పడవ వెనకభాగం కుంగి, ముక్కు లేచి, సర్దుకుంది. జోగన్న అరచెయ్యి ఆ కదలికను గుర్తుపట్టింది. మబ్బు సరంగుకు మనిషి ముఖం కంటే అడుగు ముందు తెలుస్తుంది. ప్రతి వసంతోత్సవానికీ ఆ అడుగును తన పడవలోకి ఎక్కించుకుని ఊరేగించింది తనే. ఆ మీసం కింద ఉన్నవాడు ధూపగిరి మహారాజు వసుకేతుడు.

రాజు మంచివాడు. జనం ఏమనుకుంటున్నారో వినాలన్న సరదాతో మారువేషంలో తిరుగుతాడు. విన్న ప్రతి మాటకూ తలూపుతాడు. ఏ పడవ ఎక్కాలని అతనికి అసలు లేదు. కాని తూగు పడవ మీద రాజు కాలు పెట్టకూడదు. పెడితే ఆ తూగు చెల్లదు, రాజు కిరీటం దించి ఇంటికి పోవాలి. నాలుగు వందల ఏళ్ళ శాసనం అది.

ఎర్ర గీత మబ్బులో మునిగింది.

రేవంతా జోగన్న నోటివైపు చూసింది. జోగన్న రాజు వైపు చూశాడు. రాజు ముఖం పాలిపోయింది. బెల్లం బుట్ట చాటునుంచి పెదవుల మీద వేలు పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు. ఎల్లుండి పడవ వస్తుందన్న సంగతి జోగన్న మనసులో మెదిలింది. నిండు రేవులో రాజు మీసం పీకితే తన తల ఉంటుందా అన్నదీ మెదిలింది. చూసిందే చెప్పాలి, అరచేతికి తెలిసింది చెప్పమని ఏ శాసనమూ లేదు అనుకున్నాడు.

"గీత మునిగింది," అన్నాడు.

జనం తూగు పడవలు దిగకముందే తీర్పు అమలు జరిగిపోవాలన్నది ఆచారం. నగారా మోగింది. ధూమకేశి లేచి, నూటపది ఏళ్ళలో మొదటిసారి నడుం నిటారు చేసి, నీళ్ళ కడవ పొయ్యిలో గుమ్మరించింది. పొయ్యి బుసకొట్టి ఆరిపోయింది. ఏమీ కాలేదు. జనం ఊపిరి వదిలారు. బసవయ్య చేతికందిన కుండ ఎత్తి పగలగొట్టాడు.

సరిగ్గా అప్పుడు కావలి గోపురం మీదినుంచి కేక వినిపించింది. "సైంధవగిరి పడవ వస్తోంది. పసుపు తెర కట్టి ఉంది. బాలింత పడవ."

పారిజాతం రెండు రోజులు ముందే బయలుదేరింది. తండ్రి లేని వేడుకలు చేసి చేసి పుట్టింటివాళ్ళు పిల్లను ముద్దుతో నలిపేస్తున్నారని, ఇక చాలని, తల్లిని వెంటబెట్టుకుని తనే తెడ్డు పట్టి వచ్చేసింది. సరంగు కూతురు, సరంగు పెళ్ళాం. ఆమెకు ఒకరు పడవ నడిపిపెట్టాలా?

జోగన్న కాళ్ళ కింద మబ్బు వైపు చూశాడు. రేవు అంచున ముత్యపు వన్నె పోయి పల్చటి మజ్జిగ తేట కనిపిస్తోంది. పలచన అక్కడ మొదలై, మెల్లగా, ఎవరో ముసుగు లాగుతున్నట్టు, పసుపు తెర వైపు సాగుతోంది. తూగు పడవల్లోవాళ్ళు మెట్ల మీదికి దిగిపోతున్నారు.

అతను పలక మీదినుంచి ఒక్క గెంతులో, పక్కనే కట్టి ఉన్న తన చిన్న పడవలోకి దూకాడు. దూకేముందు విడిపోయే పడవలోకి చెయ్యి చాచి, బెల్లం వ్యాపారి రెక్క పట్టుకుని వెంట లాగాడు.

"జోగన్నా, నన్నెందుకు..." అన్నాడు రాజు, పడవలో వెల్లకిలా పడి.

"పడవ ముంచింది మీరు. చెప్పనిది నేను. నోరు మూసుకుని ఆ తెడ్డు పట్టండి, మహారాజా."

పుట్టి బుద్ధెరిగాక రాజును నోరు మూసుకోమన్నవాళ్ళు లేరు. అందుకేనేమో, వెంటనే మూసుకున్నాడు.

ఆ ప్రయాణం తర్వాత్తర్వాత రాజు ఎంతోమందికి చెప్పాడు, ఎంత చెప్పినా సరిగా చెప్పలేకపోయాడు. మబ్బు పలచబడుతుంటే లోపల ఏవేవో రంగులు కదిలాయి. ఆకుపచ్చ, ఇటుక రంగు, మళ్ళీ ఆకుపచ్చ. ఎన్నో ఏళ్ళ గుగ్గిలపు వాసన ఒక్కసారిగా మబ్బులోంచి విడిపోయి పైకి లేచింది. అందులో పాత పెళ్ళిళ్ళు, పాత పండగలు, చనిపోయినవాళ్ళ ఇళ్ళలో వేసిన ధూపం, అన్నీ కలిసి ఉన్నాయి. రాజుకు తల్లి గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. తెడ్డు వేగం తగ్గితే జోగన్న ఉరిమి చూశాడు.

పసుపు తెర పిలిస్తే వినపడేంత దూరంలోకి వచ్చింది. జోగన్న లేచి నిలబడి తలపాగా విప్పి ఊపాడు. "తిరిగిపో, పారిజాతం. వెనక్కి తిప్పు."

ఆమె స్వాగతం చెబుతున్నాడనుకుని తనూ కొంగు ఊపింది.

మరో రెండు తెడ్లు వేసేసరికి జోగన్న పడవ కింద పట్టు తప్పింది. పడవ ఒక్కసారిగా పడలేదు. ఉడుకుతున్న గంజిలోకి గరిటె దిగినట్టు నెమ్మదిగా దిగబడింది. తెలుపు భుజాల దాకా వచ్చింది, తల మునిగింది, చెవుల్లో దూది పెట్టినట్టు లోకం సద్దుమణిగింది. కాసేపు ఎటు చూసినా ఏమీ లేదు. పైనా కిందా తెలియలేదు. రాజు జోగన్న చెయ్యి పట్టుకున్నాడు, జోగన్న విడిపించుకోలేదు. తర్వాత పడవ అడుగు మెత్తగా దేన్నో తాకి ఆగింది.

మబ్బుసముద్రానికి అడుగు లేదని ఐదు శిఖరాల్లోనూ పిల్లలకు చెబుతారు. అడుగుంది. అక్కడ చిత్తడి నేలలో మనిషెత్తున, ఈకల్లాంటి ఆకుల మొక్కలున్నాయి. వాటి నడుమ మడులున్నాయి, గుడిసెలున్నాయి, మనుషులున్నారు.

వాళ్ళు జోగన్నను చూడలేదు, రాజును చూడలేదు. పాలిపోయిన ముఖాలన్నీ పైకెత్తి ఉన్నాయి. పైన, ధూపగిరి వైపు, మబ్బు చిరిగి ఎండ పడుతోంది. నాలుగు వందల ఏళ్ళలో ఆ నేలకు అదే తొలి ఎండ. కొందరు అందులో అరచేతులు చాపి నిలబడ్డారు. ఒక పిల్ల తన నీడను చూసి జడిసి పక్కకు గెంతింది, నీడ కూడా గెంతితే నవ్వింది. ఒకాయన తడి ధాన్యం చాప మీద పరిచి, అది ఆరుతుంటే పక్కన కూర్చుని, ఏడుస్తూ ఒక్కొక్క గింజా తిరగేస్తున్నాడు.

ఒక అవ్వ వాళ్ళిద్దరినీ ముందుగా చూసింది. "పైనుంచి వచ్చారా బాబూ?" అంది. ఆశ్చర్యపడే వయసు దాటినదానిలా అడిగింది. "పైకప్పు తీసింది మీలో ఎవరు? కాళ్ళకు దణ్ణం పెట్టుకుంటాను."

రాజు రెండడుగులు వెనక్కి వేశాడు. రెండు పక్షాల మూడు నెలల వాదనలో ఉప్పు మాట వచ్చింది, కుండ మూతి మాట వచ్చింది, అడవి మాట వచ్చింది. కింద ఎవరైనా ఉన్నారా అన్న మాట ఒక్కరి నోటా రాలేదు. వచ్చి ఉంటే ఏం చేసేవాళ్ళమో రాజుకు తెలియలేదు. అది అతనికి భయం కలిగించింది.

జోగన్న అవ్వ మాట వినలేదు. పైకి చూస్తున్నాడు. చిరుగు అంచుకు ఇవతల, మబ్బు అడుగుభాగాన ఒక పడవ పొట్ట ఉబ్బెత్తుగా కనిపిస్తోంది. తాము దిగినప్పుడు గంజిలా ఉన్న మబ్బు ఇప్పుడు పొగమంచులా ఉంది. ఇక దిగడం ఉండదు, పడడమే. పడవ కింద చిత్తడి నేల కూడా లేదు. కోరల్లాంటి రాళ్ళ గుట్ట ఉంది.

"పారిజాతం," అని పిలిచాడు.

"ఏమయ్యా, ఎక్కడున్నావు?" మబ్బులోంచి ఆమె గొంతు. "పడవ మాట వినడం లేదు."

"నీ కిందే ఉన్నా."

ఈసారి పైనుంచి అత్తగారి గొంతు వినిపించింది. "అల్లుడూ, పచ్చి బాలింతను తీసుకొస్తే ఇదా మీ ఊరి మర్యాద?"

జోగన్న చిత్తడిలోంచి తన పడవను ఈడ్చాడు. ధూపగిరి పడవల్ని గుగ్గిలంలో నానబెట్టి చేస్తారు. పలక పలకకూ అర్ధవీసె గుగ్గిలం పట్టి ఉంటుంది. అతను కాలితో తన్ని మొదటి పలక ఊడదీశాడు. "అవ్వా, నిప్పు కావాలి," అన్నాడు. "పొగ వేస్తే మబ్బు చిక్కబడుతుంది. పైన నా పెళ్ళాం ఉంది. మూడు నెలల పిల్ల ఉంది."

మబ్బు చిక్కబడుతుందనగానే చుట్టూ ఉన్నవాళ్ళు చాపిన చేతులు ముడుచుకున్నారు. "మళ్ళీ కప్పేస్తాడంట," అన్నారు ఎవరో. "ఇప్పుడే కదా వచ్చింది ఎండ." "పసిబిడ్డ ఉందంటున్నాడురా." "మన బిడ్డలు దగ్గి దగ్గి పోలేదా? అప్పుడు పైనుంచి ఎవరైనా చూశారా?" కనురెప్ప వేసేలోపు వాళ్ళూ రెండు గుంపులయ్యారు. తూగు పడవలు లేవు గనక ఒకరినొకరు తోసుకోవడం మొదలుపెట్టారు. ధాన్యం ఆరబోసుకున్నాయన జోగన్న చేతిలోని పలకను పట్టుకుని వదలలేదు. ఆయనది న్యాయం కాదని జోగన్న కూడా అనలేకపోయాడు.

"అన్నా, ఊరంతా వద్దు," అన్నాడు. "చాపంత నీడ చాలు. ఆ పడవ ఎక్కడుంటే అక్కడ, దాని కింద వరకే. నేనే మోసుకుపోతాను. మీ మడుల మీద పడనివ్వను."

ఆయన అవ్వ వైపు చూశాడు. అవ్వ తన అరచేతిలోని ఎండను చూసుకుంది. పైన పసిపిల్ల ఏడ్చింది. సన్నగా, ఆగి ఆగి, మబ్బు వడగట్టిన ఏడుపు. అవ్వ గుడిసెలోకి వెళ్ళి నిప్పుల కుండ తెచ్చి జోగన్న చేతుల్లో పెట్టింది.

"చాపంతే అన్నావు," అంది. తర్వాత రాజు వైపు తిరిగింది. మీసం ఊడి వేలాడుతున్నా ఇద్దరిలో పెద్దమనిషి ఎవరో ఆమెకు తెలిసినట్టుంది. "మరి రేపు, బాబూ? రేపు మళ్ళీ మూసేస్తారా?"

రాజు పైకి వెళ్ళి నిజం చెబితే తూగు చెల్లదు. కిరీటం పోతుంది, పొయ్యి మళ్ళీ వెలుగుతుంది, ఈ ఎండ పోతుంది. చెప్పకపోతే ఎండ ఉంటుంది. పడవలుండవు, ఉప్పుండదు, పుట్టిళ్ళుండవు. తలూపి తప్పించుకోవడానికి వీల్లేని ప్రశ్న అతనికి అదే మొదటిది. రాజు మీసం పీకి పారేశాడు. ఊడదీసిన పలకలన్నీ కట్టకట్టి నెత్తికెత్తుకున్నాడు.

జోగన్న రాళ్ళ గుట్ట ఎక్కి కుండలో మొదటి చెక్క వేశాడు. పొగ నిలువుగా లేచి పడవ పొట్టను తాకింది. అక్కడ మబ్బు చిక్కబడింది. పడవ మునక ఆగింది. కింద అతని చుట్టూ గుండ్రంగా నీడ పడింది. సరిగ్గా చాపంత. అంచున ఒక అడుగు అవతల ఎండ కాస్తూనే ఉంది.

"నిలబడ్డాం," అంది పారిజాతం. "గాలి మాత్రం తూర్పుకు తోస్తోంది."

"తోయనీ. నీ వెంటే వస్తున్నా."

అలా మొదలైంది ఆ నడక. పైన చిన్న మబ్బు తునక మీద పసుపు తెర పడవ. కింద నెత్తిన పొగ కుండతో సరంగు. అతని వెనక పలకల మోపుతో, బెల్లం వ్యాపారి బట్టల్లో, ధూపగిరి మహారాజు. వాళ్ళు మడుల గట్ల మీదుగా, పేరు తెలియని తెల్లని పూల మీదుగా, మొదటి ఎండకు ఆవిరి లేస్తున్న నేల మీదుగా నడిచారు. ఎక్కడికి వెళ్ళినా వాళ్ళిద్దరూ నీడలోనే ఉన్నారు, చుట్టూ లోకమంతా బంగారంలా వెలుగుతోంది. జనం కొంతదూరం నీడ అంచున నడిచి ఆగిపోయారు. పైనుంచి పిల్ల ఏడుస్తూనే ఉంది. మూడు నెలలుగా ఆ గొంతు ఎలా ఉంటుందో ఊహించుకున్న మనిషి, ఒకచోట వినడానికి నిలబడిపోయాడు.

"ఆగకు," అంది పారిజాతం. "కాళ్ళ కింద జారుతోంది."

అతను మళ్ళీ నడిచాడు.

"ఎవరి పోలిక?" అని అడిగాడు నడుస్తూ.

"నీ నోరే. వినడం లేదూ."

మధ్యాహ్నం తిరిగేసరికి నేల అయిపోయింది. ముందు ఒక నది. ఎండ చూడని నల్లటి నీళ్ళు, అవతలి గట్టు కనిపించనంత వెడల్పు. గాలి ఆగలేదు. పడవ నీడ గట్టు దాటి నీళ్ళ మీదికి జారింది. రాజు మోపు దించి చూశాడు. నాలుగు పలకలున్నాయి.

"జోగన్నా, ఈత వచ్చా?" అన్నాడు మెల్లగా.

"మబ్బు సరంగుకు ఈత ఎందుకు నేర్పుతారు, మహారాజా? పలకలు తడవకుండా పట్టుకోండి. నా వెనకే రండి."

జోగన్న నదిలోకి దిగాడు. మోకాళ్ళు మునిగాయి, నడుం మునిగింది. అడుగున బురద కాలికి అందుతోంది, అందడం లేదు. రెండు చేతులతో కుండను నెత్తిన బిగించి పట్టుకున్నాడు. నీళ్ళు గుండెల దాకా వచ్చాయి, భుజాలు దాటాయి, గడ్డానికి తగిలాయి. పైన పిల్ల ఏడుపు మానింది.

"పడుకుంది," అని మబ్బులోంచి పారిజాతం గొంతు తగ్గించి చెప్పింది. "కుదుపు లేకుండా నడు."